సెన్సారుగారి స్నేహితుడు

విశ్వవిద్యాలయంలో ఆరోగ్య అవగాహన వారం. పోస్టర్లలో మాటలు సరిచూసే పని విద్యార్థి కమిటీలోని ఒక కుర్రాడి మీద పడింది. వాణ్ణి అందరూ సెన్సారు అనేవాళ్ళు. సెన్సు సంగతి తర్వాత చూద్దాం.

"సుఖవ్యాధులు" అన్న మాట కనబడగానే, చదివినవాళ్ళకి ఆశ పుడుతుందని "సుఖం" కొట్టేశాడు. ప్రొఫెసరుగారికి కోపం పుడుతుందని "లైంగిక" కొట్టేశాడు. కండోమ్ బొమ్మ తీయించి గొడుగు వేయించాడు. చివరికి గోడెక్కిన పోస్టరులో మిగిలింది ఇది: "వ్యాధులు వస్తాయి. ఎప్పుడూ వెంట ఉంచుకోండి." పక్కన గొడుగు.

సదస్సుకి సగం మంది గొడుగులతో వచ్చారు. మిగతా సగం, ఉచితంగా ఇస్తారేమోనని వచ్చారు.

"ఇంత పెద్ద విషయం, ఒక్క అసభ్యమైన మాట లేకుండా చెప్పావయ్యా" అని ప్రొఫెసరుగారు మెచ్చుకున్నారు.

"విషయం కూడా లేకుండా చెప్పాడు సార్" అంది బొమ్మలు వేసిన అమ్మాయి. ఆమె సెన్సారు ప్రియురాలు. ఆ ముక్కా ఏ పోస్టరులోనూ లేదు.

వారం ముగియకముందే సెన్సారుకి మూత్రం పోస్తుంటే మంట మొదలైంది. ఏమైనా తెలుస్తుందేమోనని తన పోస్టరు దగ్గరికే వెళ్ళి చదువుకున్నాడు. గొడుగు తప్ప ఏమీ దొరకలేదు. క్యాంపస్ ఆస్పత్రికి నడిచాడు.

"ఏమిటి ఇబ్బంది?" అంది డాక్టరమ్మ.

"నాకు కాదండీ, మా స్నేహితుడికి."

"ఎక్కడ?"

"అక్కడ."

"అతన్నే రమ్మను. మూత్రం పరీక్ష చెయ్యాలి."

"వాడికి తీరిక లేదండీ."

"సరే, ఈ సీసా పట్టుకెళ్ళి అతని తరఫున నువ్వే పోసుకురా."

సెన్సారు సీసా అందుకున్నాడు. స్నేహమంటే అదీ.

ఫలితం వచ్చింది. "గనేరియా. మందుతో తగ్గిపోతుంది" అంది డాక్టరమ్మ. "కానీ మీ స్నేహితుడి స్నేహితురాలినీ తీసుకురా. ఆడవాళ్ళకి చాలాసార్లు ఏ బాధా తెలియదు. వదిలేస్తే రేపు పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తర్వాత తగువులాడుకోండి."

సెన్సారు వెళ్ళేసరికి ప్రియురాలు బొమ్మల గదిలో ఇంకో గొడుగుకి రంగు వేస్తోంది.

"అదే... అది వచ్చింది. నీకూ అది ఉండొచ్చు. ఒకసారి అక్కడికెళ్ళి..."

"గొడుగు తెచ్చుకోనా?"

"నవ్వకు."

"నువ్వు కొట్టేసిన మాటలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అందులోంచి ఏరుకుని చెప్పు."

చెప్పకపోతే ఆమె పరీక్షకి రాదు. చెబితే ప్రేమకే పరీక్ష. చెమట తుడుచుకుని చెప్పాడు, "లైంగిక"తో సహా.

ఆమె కుంచె కింద పెట్టింది. "భయంగా ఉంది" అంది. "పద. తిట్టడం దారిలో తిడతాను."

తిట్టింది కూడా. ఆస్పత్రి కిటికీ దగ్గర పెద్ద వరస ఉంది. తమ వంతు రాగానే గుమాస్తా "ఏం పని?" అన్నాడు.

"గనేరియా పరీక్ష" అంది ఆమె, గది చివరిదాకా వినబడేలా.

వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. సెన్సారుకి మొదటిసారి గొడుగు నిజంగా అవసరమైంది, తల దాచుకోవడానికి.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు నెమ్మదిగా అంది: "ఏమండీ, అదే మా స్నేహితుడికి కూడా చేయించాలి."

"మా రూమ్మేటుకి" అంది ఇంకో గొంతు.

"నా ఫ్రెండుకి ఒకత్తెకి..."

గుమాస్తా తల ఎత్తకుండా సీసాల ట్రే ముందుకి తోశాడు. "స్నేహితుల తరఫున వచ్చినవాళ్ళంతా ఇటు నిలబడండి."

వరస మొత్తం ఇటు జరిగింది. గొడుగుతో వచ్చిన ప్రొఫెసరుగారు కూడా.