అయిదుగురి అడుగులు

ర్యాంపు మలుపులో స్ట్రెచరుకు తుంటి అడ్డం పెట్టి ఆపి, బండాయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. మామూలుగా ఆయన అక్కడ ఆగడు. ఇరవై రెండేళ్లుగా ఆ ర్యాంపును కిందినుంచి పైదాకా ఒక్క ఊపులో ఎక్కిస్తున్న మనిషి. ముందు చక్రం ఎడమకు లాగుతుందని, మలుపులో కాస్త కుడికి ఒత్తి తొయ్యాలని ఆయన చేతులకు తెలుసు. స్ట్రెచరు మీద పడుకున్న కాలు విరిగిన మేస్త్రి తలెత్తి చూశాడు.

"ఏం పెద్దాయనా, దిగి నడవమంటావా?"

"నువ్వు నడిచేవాడివైతే నాకీ ఉద్యోగం ఎందుకిస్తారయ్యా?" అన్నాడు బండాయన. ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే ఎడమ రొమ్ము కింద పట్టేసింది.

ఆస్పత్రిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. స్ట్రెచర్లూ చక్రాల కుర్చీలూ తోస్తాడు గనుక అందరికీ బండాయన, నర్సులకు బాబాయ్. సన్నటి మనిషి. మోకాళ్ల దగ్గర కాళ్లు కాస్త వంగి ఉంటాయి. ఇనప కడ్డీ పట్టుకుని పట్టుకుని అరచేతులు కాయలు కాశాయి, వేళ్లు అన్నం తినేటప్పుడు కూడా పూర్తిగా చాచుకోవు. చొక్కా చెయ్యి పైకి మడిస్తే ఎడమ మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా అయిదు నల్లటి పట్టీలు కనిపిస్తాయి. వాటిలో ఒక్కటీ ఆయనది కాదు.

ఊరంతా ఆరోగ్యంగా ఉండాలని పురపాలక సంఘంవారికి ఒకరోజు తోచింది. సగం వీధుల్లో కాలు పెట్టడానికి చోటు లేదనీ, మురుక్కాలవల మీద మూతలు లేవనీ ఎవరూ గుర్తు చెయ్యలేదు. రోజుకు పదివేల అడుగులు నడవండి అని గోడల నిండా రాయించి, ఆఫీసుల మధ్య నలభై రోజుల నడక పోటీ పెట్టారు. అడుగులు లెక్కపెట్టే పట్టీలు అధికారులకు పంచారు. ఆ పట్టీ చేతికుంటే చాలు, ఎన్ని అడుగులు పడ్డాయో, నాడి ఎలా కొట్టుకుందో యజమాని ఫోనుకు చేరిపోతుంది. ఆస్పత్రికి అయిదు వచ్చాయి. రోజంతా కుర్చీలో కూర్చునే అయిదుగురికి ఇచ్చారు. రోజంతా నడిచే బండాయన కాంట్రాక్టు మనిషి గనుక పోటీలో లేడు.

మొదట హెడ్ గుమాస్తా మోకాలి నొప్పి వంక చెప్పి, ఇవాళ్టికి నువ్వు పెట్టుకోవయ్యా అని తన పట్టీ ఆయన చేతికి బిగించాడు. సాయంత్రం ఫోను చూసుకుంటే ముప్ఫై వేల అడుగులు. అలాంటి వార్త ఆస్పత్రిలో దాగుతుందా? మర్నాడు స్టోర్సు అధికారి, ఆ మర్నాడు పెద్ద నర్సమ్మ, ఆ తరవాత మందుల విభాగం పెద్ద. ఏది ఎవరిదో తెలియడానికి హెడ్ గుమాస్తా ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం చుట్టాడు. అందరికన్నా ఆఖరున సూపరింటెండెంటు, పెద్దసారు, తన పట్టీ విప్పి ఇస్తూ, "ఎలాగూ తిరుగుతావుగా" అన్నాడు. దానికి ఆకుపచ్చ దారం పడింది. బండాయన కాదనలేదు. నిజంగానే ఎలాగూ తిరుగుతాడు కదా. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత పుట్టింది ఇలాంటి పెద్దమనుషుల్ని చూసే.

ఇవాళ పోటీకి ఆఖరి రోజు, సాయంత్రం ఆస్పత్రిలోనే సభ పెట్టి గెలిచిన ఆఫీసుకు షీల్డు ఇస్తారు. వారానికొకసారి వచ్చే గుండె డాక్టరు రోజు కూడా ఇదే. ఇరవై రోజులుగా రొమ్ము కింద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. ర్యాంపు ఎక్కితే ఎడమ చెయ్యి బరువెక్కుతోంది. "ఆస్పత్రిలోనే ఉంటూ ఆస్పత్రికి పోవడానికేం రోగం నీకు?" అని భార్య మూడు వారాలుగా పోరుతోంది. అందుకని తెల్లారి డ్యూటీ ఎక్కకముందే వరసలో నిలబడి చీటీ తీసుకున్నాడు. నలభై మూడు.

"నీ నంబరు దగ్గరికొస్తే కబురు పంపుతాలే బాబాయ్. దూరం పోకు," అంది గుండె డాక్టరు గది దగ్గరుండే నర్సు.

"దూరం పోకుండా ఈ ఉద్యోగం ఎట్లా తల్లీ?" అన్నాడాయన.

పదకొండు గంటలకు హెడ్ గుమాస్తాను అడిగాడు, ఒక్క అరగంట కూర్చుంటానని. ఆయన ఫైలు మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఇవాళా? మార్కెట్ కమిటీవాళ్లు మనకన్నా రెండువేల అడుగులే వెనక ఉన్నారయ్యా. నువ్వు కూర్చుంటే అయిదుగురం కూర్చున్నట్టే."

"గుండెల్లో పట్టేస్తోంది సార్."

"గ్యాసు అయ్యుంటుంది. నడు, తగ్గిపోతుంది. వచ్చే వారం చూపించుకుందువుగానీ."

నడిచాడు. ఎక్స్‌రే గదికి ఒకర్ని, ప్రసూతి వార్డుకు ఒకర్ని, రక్తపరీక్షలకు ఇద్దర్ని. ఒక ముసలమ్మను దించుతుంటే ఆవిడే ఆయన మొహం చూసి, "నీకంటే నేనే నయంగా ఉన్నాను నాయనా, కాసిని మంచినీళ్లు తాగు," అంది. ఆ పూట ఆస్పత్రిలో ఆయన మొహం సరిగ్గా చూసిన మనిషి ఆవిడొక్కతే.

పన్నెండున్నరకు నలభై ఒకటో నంబరు లోపలికి వెళ్లింది. బండాయన గది బయట బెంచీ మీద అలా ఆనుకున్నాడో లేదో అటెండరు పరిగెత్తుకొచ్చాడు. పెద్దసారుకు బాగాలేదు, కుర్చీ పట్టుకుని రా.

పెద్దసారు తన గదిలో ఫ్యాను కింద చెమటలు కక్కుతున్నాడు. చేతిలో ఫోను కుయ్యోమంటోంది. నాలుగు రోజులుగా అది అదే పాట పాడుతోందట. మీ నాడి అదుపు తప్పుతోంది, వెంటనే వైద్యుణ్ణి కలవండి. ఆయనా వైద్యుడే, ఎముకల డాక్టరు. కుడిచేత్తో తన ఎడమ మణికట్టు పట్టుకుంటే చిటికెలో తేలిపోయేది. కానీ నెల రోజులకు పైగా ఆ ఫోనులో తనవి కాని అడుగులు చూసుకుని మురిసిపోతున్న మనిషి, అందులో కనిపించేదంతా తనదేనని నమ్మేశాడు. పరాయి అడుగులు తనవి అనుకున్నవాడికి పరాయి నాడి తనది అనుకోవడం ఎంతసేపు?

"త్వరగా తొయ్యవయ్యా," అన్నాడు కుర్చీలో కూలబడి.

బండాయన తోశాడు. పెద్దసారు బరువైన మనిషి. ర్యాంపు మొదట్లోనే బండాయనకు ఊపిరి అందలేదు. ఫోను ఇంకా గట్టిగా అరిచింది. అది అరిచినకొద్దీ పెద్దసారు త్వరగా, త్వరగా అన్నాడు. ఆయన అన్నకొద్దీ బండాయన వేగం పెంచాడు. వేగం పెంచినకొద్దీ ఫోను అరిచింది. మలుపులో బండాయన ఆగలేదు. పెద్దసారు ప్రాణం తన చేతుల్లో ఉందనుకున్నాడు పాపం.

వరసంతా లేచి దారి ఇచ్చింది. లోపలికి వెళ్లబోతున్న నలభై రెండో నంబరు వెనక్కి తగ్గింది. గుండె డాక్టరు పెద్దసారును పడుకోబెట్టి, వైర్లు తగిలించి, గీతల కాగితం తీసి, రెండుసార్లు విని, చివరకు నవ్వాడు.

"మీకేం లేదు సార్. ఇంకో ముప్ఫై ఏళ్లు ఈ గుండెకు ఢోకా లేదు. ఆ ఫోనుకు వార్తలు పంపే పట్టీ ఏదీ? ఒకసారి చూడనివ్వండి."

పెద్దసారు తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. ఖాళీగా ఉంది. తలెత్తాడు. గుమ్మంలో కుర్చీ పట్టుకుని బండాయన నిలబడి ఉన్నాడు, పెదవులు తెల్లబారి. మడిచిన చొక్కా కింద ఆకుపచ్చ దారం చుట్టిన పట్టీ కనిపిస్తోంది. పెద్దసారు ఆ పట్టీని చూశాడు. చూడలేదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

"ఇంట్లో చార్జింగు పెట్టొచ్చాను," అన్నాడు.

"అయితే అది చెడిపోయింది. పారెయ్యండి," అన్నాడు డాక్టరు.

ఒక్క మాట చాలు. అది నా చేతికి లేదు, ఇతని చేతికుంది, ఇతన్ని పడుకోబెట్టండి అంటే చాలు. మంచం అక్కడే ఉంది, వైర్లు అక్కడే ఉన్నాయి, డాక్టరు అక్కడే ఉన్నాడు. కానీ ఆ మాట అంటే అడుగుల గుట్టు బయటపడుతుంది, సాయంత్రం షీల్డు పోతుంది. అది తన గుండె కాదని తెలిసిన సంతోషంలో, మరి ఎవరిదన్న ప్రశ్న ఆయనకు తట్టలేదేమో అనుకుందామంటే, బయటికి వస్తూ ఆయన చేసిన పని అలా అనుకోనివ్వదు. బండాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

బండాయనకు గదిలో జరిగిందంతా వినబడింది. ఆ పట్టీలు నాడి కూడా చూస్తాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పెద్దసారుకు ఏమీ లేదన్నంత వరకే అర్థమైంది, నిజంగానే సంతోషించాడు.

"సార్, నాదీ నంబరుంది. నలభై మూడు."

"ముందా కుర్చీ కింద పెట్టి రా. వచ్చి చూపించుకో," అన్నాడు పెద్దసారు మొహం తిప్పుకుని. తన కాళ్ల మీద తాను చకచకా నడిచి వెళ్లిపోయాడు.

ఖాళీ కుర్చీతో బండాయన ర్యాంపు దిగాడు. మలుపు దగ్గర ఆగి, చక్రానికి బ్రేకు వేసి, అటూ ఇటూ చూసి అందులో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ కూర్చోలేదు. పైన నర్సు నలభై మూడు, నలభై మూడు అని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవకుండా తనే వెతుక్కుంటూ దిగివచ్చింది. బాబాయ్ కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టింది. వేళ్లు ఎప్పటిలాగే సగం ముడుచుకుని ఉన్నాయి.

సభ ఆగలేదు. షీల్డు ఆస్పత్రికే వచ్చింది. ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దసారు మాట్లాడుతుంటే మైకు మాటలు వెనకవైపు చిన్నగదిలోకి కూడా వినబడ్డాయి. అక్కడ బండాయన శవం పక్కన ఆయన భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. నర్సు ఆయన చేతినుంచి ఒక్కొక్కటే పట్టీ విప్పి స్టీలు ట్రేలో పెట్టింది. వాటికింద చర్మం మెత్తబడి, తెల్లగా పాలిపోయి ఉంది. హెడ్ గుమాస్తా గుమ్మంలోకి వచ్చి, ట్రే వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అవి ఆఫీసువమ్మా. తీసుకెళ్లాలి."

ఆవిడ ట్రేలోకి వంగి చూసింది.

"ఇన్నున్నాయి కదా బాబూ. ఇందులో మా ఆయనది ఏది?"

హెడ్ గుమాస్తా ట్రే వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, వచ్చినదారినే వెళ్లిపోయాడు. నర్సు గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. బండాయన భార్య జవాబు కోసం చూస్తూనే ఉంది. ట్రేలో ఆకుపచ్చ దారం చుట్టిన పట్టీ వెల్లకిలా పడి ఉంది. దాని అడుగున చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ, నాడి కోసం ఇంకా వెతుకుతోంది.