పక్కన పెట్టమ్మా

తెర మీద ఎడమవైపు పాత సంతకం, కుడివైపు కవరు మీది కొత్త సంతకం. టపాలో వచ్చిన ఓటు లెక్కలోకి చేరాలంటే ఆ రెండూ ఒకే చేతివని ఎవరో ఒకరు చూసి ఒప్పుకోవాలి. ఆయన గడ్డం కింద చెయ్యి ఆనించి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు ఎత్తకుండా, మొదట తోకలు చూసేవాడు. ఆ తర్వాతే మలుపులు. దొంగచెయ్యి తలకట్టు బాగానే దిద్దుతుందనీ, తోక దగ్గర దొరికిపోతుందనీ ఆయన నమ్మకం.

బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు చూస్తూనే ఆయన జుట్టు నెరిసింది. ఆ పని యంత్రం పాలయ్యాక ఆయన కళ్ళతో ఎవరికీ అవసరం పడలేదు. "సంతకంలో దొంగని పడతారు గానీ వంకాయలో పుచ్చు కనపడదు" అనేది భార్య, కూరల సంచీ దులుపుతూ. ఎన్నికలొస్తే మాత్రం సంతకాలు సరిచూసే ఈ హాల్లోకి పిలిచి కుర్చీ వేసేవారు. గద్దకన్ను అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు విననట్టే ఉండేవాడు గానీ, విన్న రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

ఈసారి పక్క సీట్లో కొత్తావిడ. భర్త పోయాక ఆవిడకి దొరికిన మొదటి పని ఇదే.

"అన్నయ్యా, ఇదొక్కసారి చూడండి. గీతలు వణికాయి గానీ అక్షరాల పోకడ అలాగే ఉంది. సూపర్‌వైజరు గారికి పంపనా?"

ఆయన తల సగమే తిప్పాడు. "ఎవరో చూసి దించార్లే. పక్కన పెట్టమ్మా."

"మీరంటే సరే" అని ఆవిడ మీట నొక్కింది. పక్కన పెట్టినవాళ్ళకి ఫోన్ చేసి పిలిపిస్తారు. ఆ కవరు తాలూకు మనిషికీ చేశారు.

మధ్యాహ్నం టీ విరామంలో ఆయన వరండాలో కాసేపు తిరిగి లోపలికి వచ్చేసరికి, కౌంటరు దగ్గర చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పరాయిదానిలా పడి ఉంది. ఎడమచేత్తో సంతకం పెడుతోంది. కాగితం జారుతుంటే కాపలాదారు పట్టుకున్నాడు. హాలంతా చూడనట్టు చూస్తోంది.

"కవరు మీద ఆ సంతకం పెట్టడానికి అమ్మకి ఒక పూట పట్టింది" అంది వెనక నిలబడ్డ కూతురు. "సంతకం ఆవిడది కాదని ఫోన్ చేశారు."

"పోన్లేవే. వాళ్ళకేం తెలుసు" అంది ముసలావిడ, పెదవి చివర తడి తుడుచుకుంటూ.

ఓటు ఒప్పుకున్నారు. కుర్చీ గుమ్మం దాటాక సూపర్‌వైజరు ఇటు వచ్చింది.

"అనుమానం ఉంటే నాకు పంపమన్నాను కదా. ఎవరు చూశారిది?"

కొత్తావిడ లేచి నిలబడింది. "నేనేనండి."

"చూసే నొక్కారా?"

ఆవిడ ఒక్కసారి ఆయన వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. పెద్దవాడు నోరు విప్పుతాడని ఎదురుచూడటమే ఉంది. నేనే చెప్పానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వంగి, ఊడని బూటు లేసు విప్పి కట్టుకున్నాడు.

"చూసే నొక్కానండి" అంది ఆవిడ.

తల ఎత్తేసరికి ఇక రేపట్నుంచి రానక్కర్లేదన్న మాట కూడా అయిపోయింది. ఆవిడ సంచీ భుజాన వేసుకుంది.

"వెళ్ళొస్తా అన్నయ్యా."

వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు నెమ్మదిగానే వెళ్తోంది. పిలవొచ్చు. సూపర్‌వైజరు ఇంకా అక్కడే ఉంది, చెప్పొచ్చు. ఆయన మీట నొక్కి తర్వాతి కవరు తెర మీదికి తెచ్చుకున్నాడు. రెండు సంతకాలూ ఒకేలా కనబడ్డాయి. మళ్ళీ చూస్తే పూర్తిగా వేరుగా కనబడ్డాయి.

"గద్దకన్ను గారూ, ఆ సీటు పని కూడా మీరే చూసెయ్యండి."

"అలాగేనండి."

అప్పుడు చూశాడు, తన కీబోర్డు పక్కన టీ గ్లాసు. విరామంలో ఆవిడ తన టీతో పాటు ఆయనకీ తెచ్చి పెట్టినట్టుంది. చల్లారిపోకుండా పైన సాసరు బోర్లించింది. దాని అంచున ఆవిరి ఇంకా చుక్కలు కడుతోంది.