దగ్గు పన్ను

ఆ ఎద్దుని కోసిన రోజు నేనక్కడే ఉన్నాను. చూసిందే చెప్తున్నాను.

మా కబేళాలో రెండు షెడ్లు. ఒకదాంట్లో క్రైస్తవులకి కోస్తారు, రెండోదాంట్లో ముసల్మానులకి. మధ్యన గోడ. గోడ చివర నీళ్ల తొట్లు. అక్కడ మేం ఆడవాళ్లం పొట్టలూ పేగులూ కడుగుతాం. రెండు వైపుల నుంచీ మాకొచ్చేది ఒకటే పేడ, ఒకటే నెత్తురు.

పెద్ద ఉపవాసానికి ముందు వారం. ఇంక ఫసికా, అంటే ఈస్టర్ పండగ దాకా క్రైస్తవులు మాంసం ముట్టరు గనక ఊరు ఊరంతా ఆ వారమే తినేస్తుంది. కోతగాడు బెదాసో ఆ ఎద్దు రొమ్ము తెరిచాడు. ఊపిరితిత్తులు పక్కటెముకలకి అతుక్కుపోయి ఉన్నాయి. నిండా గడ్డలు. కత్తి పెడితే ఇసకలో పెట్టినట్టు కరకరమంది. లోపల జున్నుముక్కలాంటి పసుప్పచ్చని చీము.

"గడ్డలు కోసి అవతల పారెయ్. డాక్టరమ్మ ఇంకా ఆ షెడ్డులోనే ఉంది" అన్నాడు మేస్త్రీ లెగెసె.

బెదాసో కోస్తూనే ఉన్నాడు. ఎన్నని కోస్తాడు? కాలేయంలో ఉన్నాయి, పొట్ట కొవ్వులో ఉన్నాయి. ఇంతలో పశువుల డాక్టర్ మేరోన్ వచ్చింది. చూసింది. "క్షయ. మొత్తం గోతిలో వేసి కిరసనాయిలు పోయండి" అని పక్క ఎద్దు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఎద్దు తెచ్చిన రైతు, గల్గలో అనే ఆయన, కటకటాల అవతలే నిలబడున్నాడు. అది అతని అరకెద్దు. చిక్కిపోతుంటే అమ్మేసి దూడని కొనుక్కుందామని తోలుకొచ్చాడు. కోశాక డబ్బులిచ్చేట్టు కాంట్రాక్టరుతో ఒప్పందం.

"మాంసమైతే డబ్బు. గోతిలో పడేదానికి డబ్బేంట్రా?" అన్నాడు కాంట్రాక్టరు ఆస్ఫా.

"అయ్యా, మీరు చూసే కదా కొన్నారు. ఒంటెద్దుతో నేనెట్టా దున్నుకోను?"

"నీ ఎద్దు లోపల ఏముందో నాకేం తెలుసు? నీ దొడ్లో మేసింది. నీకే తెలియాలి."

గల్గలోకి ఒక్క బిర్రు కూడా ఇవ్వలేదు. అంతటితో అయిపోలేదు. ఆస్ఫా కోతగాళ్ల వైపు తిరిగాడు. "దొడ్లో ఉన్నప్పుడే రోగం పసిగట్టాల్సింది మీరు. సగం నష్టం మీ కూలీలో కోస్తా."

కాంట్రాక్టు చేతికొచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. దానికి మా వాళ్లు పెట్టుకున్న పేరు దగ్గు పన్ను. రోగం బయటపడితే కూలీ పోతుంది. అందుకని గడ్డ కనబడగానే కోసి తొట్లలోకి విసిరేసేవాళ్లు. మిగతాది డాక్టరమ్మ ముద్ర వేయించుకుని బజారుకి పోయేది. మా ఊళ్లో పండగంటే పచ్చి మాంసమే. కారప్పొడి అద్దుకుని తింటారు. డాక్టరమ్మ లెక్కల్లో పశువులకి రోగం తగ్గుతూ వచ్చింది. మా బస్తీలో దగ్గు పెరుగుతూ వచ్చింది.

మరి ఎవరూ అడగలేదా అంటారు మీరు. అడగనివ్వలేదు. ఒక షెడ్డు వాళ్లతో ఆస్ఫా అనేవాడు: "ఆ షెడ్డు వాళ్లు మీకంటే తెలివైనవాళ్లు, వాళ్ల కూలీలో కోతలు తక్కువ." ఆ షెడ్డుకి పోయి ఇదే మాట వీళ్ల మీద చెప్పేవాడు. మా వాళ్లు గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి తిట్టుకునేవాళ్లు. కాంట్రాక్టరుకి కాపలాదారు ఖర్చు కూడా మిగిలింది.

బెదాసోకి అప్పటికే దగ్గు. ఆ వారమే ఆసుపత్రిలో టీబీ అన్నారు. సంగతి తెలిసిన పూటే లెగెసె కత్తి లాక్కున్నాడు.

"జబ్బు మనిషివి. నీ రోగం మాంసానికి అంటుతుంది, పో."

బెదాసో తొట్ల దగ్గరికొచ్చి చేతులు కడుక్కున్నాడు. నవ్వుతున్నాడు. "విన్నావా శితాయె అక్కా? ఎద్దు రొమ్ములోది నాకెక్కింది. నా రొమ్ములోది ఎద్దుకెక్కుతుందంట."

మాత్రలు ఊరికే ఇచ్చారు. తిండి ఎవరిస్తారు? ఖాళీ కడుపుతో మింగితే వాంతులు. ఉపవాసం రోజుల్లో క్రైస్తవ షెడ్డు మూత, అక్కడెవరికీ కూలీ లేదు. బెదాసో రాళ్లు మోయడానికి పోయాడు. మోస్తూ మోస్తూ నెత్తురు కక్కుకుని పడిపోయాడు. ఉపవాసాలు సగం కూడా కాకముందే పాతిపెట్టాం.

మాకు ఇద్దిర్ అని ఉంది. నెలనెలా తలా కొంచెం వేసుకుంటాం. ఎవరింట్లో చావొచ్చినా డేరా, బల్లలు, కాఫీ కుండ సంఘానివే. బెదాసో డేరాకి ముసల్మాన్ షెడ్డు నుంచి కెదిర్ తన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏం, చూసి పోవడానికొచ్చారా?" అన్నాడు మా వాళ్లలో ఒకడు. "మీకు కోతలు తక్కువ కదా, తీరిగ్గా ఉంటారు."

"ఎవడు చెప్పాడ్రా తక్కువని?" అన్నాడు కెదిర్. "పోయిన నెల నా కూలీలో సగం లేదు. మీకే తక్కువని మాతో చెప్పాడు ఆస్ఫా."

"మాతో మీకే తక్కువన్నాడు."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఎవరో వేయించిన బార్లీ గింజల పళ్లెం కెదిర్ వైపు జరిపారు. అతను గుప్పెడు తీసుకుని కూర్చున్నాడు.

అప్పుడు డేరా మూల నుంచి గల్గలో లేచాడు. చావు కబురు విని ఊరి నుంచి నడిచొచ్చాడు. తన ఎద్దుని కోసిన మనిషని వచ్చాడు.

"ఆ రోజు నేను ఇంటికి పోలేదు" అన్నాడు. "కాంట్రాక్టర్ని మళ్లీ అడుగుదామని వెనక గోడ దగ్గర కూర్చున్నా. లెగెసె మనుషులు గోతిలోంచి నా ఎద్దుని తీశారు. కిరసనాయిలూ లేదు, ఏమీ లేదు. కడిగి, ముక్కలు చేసి, పూలతోట కంపెనీ బండిలో వేశారు. తోలు కూడా మడిచి పెట్టుకున్నారు. నాకు డబ్బియ్యలేదు, మీ కూలీ కోశాడు, మళ్లీ మాంసం అమ్ముకున్నాడు."

బెదాసో పెళ్లాం వుబిత్ ఆ పూలతోటలోనే పూలు కోస్తుంది. అంతసేపూ తల వంచుకుని కూర్చుందల్లా తలెత్తింది.

"ఆ వారం మా క్యాంటీన్లో మాంసం కూర" అంది. "ఎప్పుడూ లేనిది, చవగ్గా ఇచ్చారు. జబ్బు మనిషి, బలం వస్తుందని ఆయనకీ తెచ్చి పెట్టాను."

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆస్ఫా ఇల్లు తగలబెడదామన్నారు కుర్రాళ్లు. "తగలబెడితే రేపు ఇంకో ఆస్ఫా వస్తాడు, ఇదే పన్ను వేస్తాడు" అన్నాడు కెదిర్. "మనం దాస్తున్నాం గనక వాడు అమ్ముతున్నాడు. దాయడం మానేద్దాం."

"కూలీ పోదూ?" అన్నాడు మా వాడొకడు.

"ఇప్పుడేం మిగులుతోంది, మాత్రలు మింగడానికి గుక్కెడు గంజి కూడా లేదు కదా?"

వాదన పొద్దుగూకేదాకా సాగింది. నష్టం కాంట్రాక్టరే భరించాలి, రైతుకి డబ్బివ్వాలి, జబ్బుపడ్డ మనిషికి నయమయ్యేదాకా కూలీ ఇవ్వాలి. ఈ మూడూ ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో కూడా ఆ డేరాలోనే అనుకున్నాం. ఆస్ఫా ఒప్పుకోలేదు. నవ్వాడు.

ఫసికా ముందు రోజు శనివారం. ఏడాది మొత్తంలో అంత కోత ఇంకెప్పుడూ ఉండదు. రెండు షెడ్లూ నిండా పశువులు. మా వాళ్లు మామూలుగానే కోశారు. గడ్డలున్న ఊపిరితిత్తి దొరికినప్పుడల్లా ఏదీ కోసి పారెయ్యకుండా మొత్తంగా తొట్ల దగ్గరికి పంపారు. మేం కడిగి, మోసుకెళ్లి, వీధి గేటు కమ్మీలకి వేలాడదీశాం. క్రైస్తవ షెడ్డువి, ముసల్మాన్ షెడ్డువి కలిపే వేలాడదీశాం. తొందరలోనే గేటు నిండిపోయింది. ఈగలు ముసిరాయి.

మాంసం కోసం వచ్చిన జనం ఆగిపోయారు.

"పండగ పూట ఇదేం దరిద్రం?" అన్నాడొకాయన ముక్కు మూసుకుని.

"ఏడాది పొడుగునా మీరు తింటున్నదే అయ్యా" అంది వుబిత్. "ఇవాళ చూస్తున్నారు, అంతే."

డాక్టర్ మేరోన్ గేటు దగ్గరికొచ్చింది. ఒక్కొక్కటీ చూస్తూ పోయింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నష్టం బిల్లు మాకొస్తుందమ్మా, మీకు రాదు" అన్నాను నేను.

ఆవిడ ముద్ర సంచిలో వేసుకుని ఇంటికి పోయింది. మా పక్కన నిలబడిందీ లేదు, ఆస్ఫాకి ముద్ర వేసిందీ లేదు. ముద్ర లేకుండా మాంసం గేటు దాటకూడదు.

ఆస్ఫా పరిగెత్తుకొచ్చాడు. క్రైస్తవ షెడ్డు వాళ్లని పక్కకి పిలిచాడు. "పండగ మీది. ఆ ముసల్మాన్లకేం పోయింది, మీ పండగ పాడు చేస్తున్నారు. అవి తీసెయ్యండి, రెట్టింపు కూలీ ఇస్తా."

"ఆ మాట గట్టిగా చెప్పు అయ్యా" అన్నాడు మా వాడొకడు. "కెదిర్‌క్కూడా వినబడాలిగా."

ఆ తర్వాత పోలీసులొచ్చారు. లాఠీలు లేచాయి. కడిగే ఆడవాళ్లని కూడా వదల్లేదు. కెదిర్‌నీ, గల్గలోనీ, ఇంకొందర్నీ బండెక్కించారు. ఊరి శాంతికి భంగం అని కేసు. ఎద్దు పోయినందుకు న్యాయం అడగడానికొచ్చిన రైతు మీద ఊరి శాంతి కేసు.

పండగ నాడు ఊళ్లో డబ్బున్నవాళ్లు కోడి కూర తిన్నారు. లేనివాళ్లు పప్పుతో ఇంజెరా రొట్టె తిని మమ్మల్ని తిట్టుకున్నారు. మా ఇళ్ల మీద రాళ్లు కూడా పడ్డాయి. పేదవాడి కోపం పక్కింటి పేదవాడి మీదికే ముందు పోతుంది. అది కూడా చెప్పాలి, దాచకూడదు.

సోమవారం పొద్దున పూలతోట ఆడవాళ్లు క్యాంటీన్ ముందు పళ్లేలు బోర్లించి కూర్చున్నారని కబురొచ్చింది. మేం కబేళా గేటు ముందు కూర్చున్నాం. ఆస్ఫా వేరే ఊరి నుంచి లారీలో కొత్త కోతగాళ్లని దింపాడు. వాళ్లు మా మొహాలు చూడకుండా లోపలికి పోయారు. కుర్రాళ్లు రాళ్లు తీశారు. వుబిత్ వాళ్ల చేతులు పట్టుకుంది. "వాళ్లూ కోతగాళ్లే" అంది.

కాసేపటికి గేటు తెరుచుకుంది. కొత్తవాళ్లలో ముసలాయనొకడు బయటికొచ్చాడు. చేతులకి నెత్తురుంది. వెనక మిగతావాళ్లు నిలబడ్డారు. వాళ్ల వెనక లెగెసె బూతులు తిడుతున్నాడు.

"రోగం బయటపడితే సగం నష్టం మాదేనంటున్నాడు మేస్త్రీ" అన్నాడు ముసలాయన మాతో. "మీకూ అంతేనా?"

"అంతే" అన్నాను.

"మా ఊళ్లోనూ అంతే." కాసేపు దగ్గాడు. కత్తి పంచెలో చుట్టుకున్నాడు. "కొంచెం జరగండమ్మా, కూర్చుంటాం."

జరిగాం.