సాయంత్రం కూతకు ఇంటికి పోయినవాడు

ఆళ్లగడ్డలో పెద్దకాపు దగ్గర జీతం ఉన్నన్నాళ్లూ నరసింహులుకు పని గంటలంటే ఏమిటో తెలియదు. ఎద్దులు లేచినప్పుడు లేవాలి, కాపు నడుం వాల్చాక పడుకోవాలి, నడుమ ఎప్పుడు కేకేస్తే అప్పుడు పలకాలి. పండగనాడు కూడా ఎద్దులు మేత తింటాయి గనక అతనికి పండగ లేదు. రాత్రి పడక గొడ్ల చావిడిలోనే. పెళ్లయి ఇన్నేళ్లయినా దీపాలవేళ మొగుడికి ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన భాగ్యం గోవిందమ్మకు లేదు. పగలు ఏదో పనిమీద వీధిలో పోతూ కనిపిస్తే, అదే చూపు, అదే మాట.

నంద్యాల పత్తి మిల్లు సంగతి సంతలో విని వచ్చింది గోవిందమ్మే.

"పొద్దన్నే మిల్లు సైరను కూత కూస్తే లోపలికి పోవాలంట, సాయంత్రం కూత కూస్తే బయటికి రావాలంట. ఆ మీద మిల్లు ఓనరే వచ్చి పిల్చినా పోయే పని లేదంట. కొత్తగా సర్కారు చట్టం చేసిందంట, వారానికి నలభై ఎనిమిది గంటలేనని."

నరసింహులు పడీపడీ నవ్వాడు. "గంటలు లెక్కబెట్టుకోని పంజేసే మనిషి యాడన్నా ఉంటాడేందే?"

గోవిందమ్మ వదల్లేదు. కనిపించినప్పుడల్లా అదే పాట పాడింది. బతిమాలింది, అలిగింది, పుట్టింటికి పోతానని బెదిరించింది. మగవాళ్లు అలసిపోయి ఒప్పుకునే ఒప్పుకోలు ఒకటుంటుంది. ఉగాదితో జీతం గడువు తీరగానే నరసింహులు ఆ ఒప్పుకోలు ఒప్పుకున్నాడు. పంతొమ్మిది వందల నలభై తొమ్మిది వేసవిలో ఇద్దరూ నంద్యాల చేరి, మిల్లు వెనక ఒక గుడిసె బాడుగకు తీసుకున్నారు.

మిల్లు గేటు దగ్గర పేర్లు రాసుకునేవాడు గుమాస్తా శేషాద్రి. మెత్తని మనిషి. కూలీలను ఒక్క తిట్టు తిట్టి ఎరగడు. మెత్తని వాళ్ల చేతిలో చిక్కితే అరిచేందుకు కూడా వీలుండదని నరసింహులుకు ఆరోజు తెలియదు.

"పేరు?"

"నరసింహులు సామీ."

"ఇంకో పేరు?"

"ఇంకో పేరేంది సామీ? నాకుండేది ఒకటే."

శేషాద్రి పసివాడికి చెప్పినట్టు చెప్పాడు. "చూడప్పా, సాయంత్రం కూతతో నీ పని సరి. ఆ మీద ఒక్క నిమిషం కూడా నిన్ను ఉంచం. చట్టం చట్టమే. కానీ వానలు పడేలోగా ఈ పత్తంతా ఆడించాలి గదా? రాత్రికి వేరే మనిషి కావాల. ఆ వేరే మనిషివీ నువ్వే. అందుకని ఇంకో పేరు చెప్పు."

"నాకు వద్దు సామీ. ఒక పేరు చాలు."

"రెండు పేర్లోళ్లు గేటు బయట బోలెడుమంది నిలబడి ఉండారప్పా. ఒక పేరోనితో మాకేం పని?"

వెనక్కి పోదామంటే కాపు అప్పటికే ఇంకో జీతగాణ్ణి పెట్టుకున్నాడు. నరసింహులు కలరాకు పోయిన తన అన్న పేరు చెప్పాడు. ఆదినారాయణ.

ఆ మాట విని గోవిందమ్మ మండిపడింది. "సచ్చిపోయినోళ్ల పేరు పనికి పెడ్తారా ఎవురన్నా?"

"బతికుండేవాళ్ల పేరు పెట్టి వాళ్లను ఈ పనికి ఈడ్చేదెందుకే? మాయన్న అయితే నాకోసరం ఈమాత్రం చెయ్యడా?" అన్నాడు నరసింహులు. అంత అమాయకుడు. పేరు పెట్టుకున్నందుకు అన్న కూడా తన పక్కన నిలబడి కొంత బరువు పంచుకుంటాడని నిజంగానే అనుకున్నట్టున్నాడు.

ఇక అది రోజూ జరిగే తంతు. సాయంత్రం కూత కూయగానే నరసింహులు గేటు దాటి బయటికి వచ్చేవాడు. గోవిందమ్మ తెచ్చిన సంగటి గోడ నీడన గొంతుక్కూర్చుని నాలుగు ముద్దలు మింగేవాడు. మళ్లీ అదే గేటులోంచి ఆదినారాయణగా లోపలికి పోయేవాడు. నడిరేయి దాటాక వచ్చి చాప మీద పడితే పొద్దుటి కూతకు మళ్లీ నరసింహులు. చట్టప్రకారం ఒక మనిషి తన పని తాను చేసి హాయిగా ఇంటికి పోతున్నాడు, ఇంకో మనిషి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి పనికి వస్తున్నాడు. ఎక్కడా తప్పు లేదు.

కాపు దగ్గరే నయమని గోవిందమ్మకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అక్కడ కనీసం ఎద్దులు నెమరువేసే వేళ మనిషి చెట్టు కింద కూర్చునేవాడు. ఇక్కడ ఇనుము నెమరు వేయదు. కానీ పోరు పెట్టి తీసుకొచ్చింది తానే. ఏ నోటితో అంటుంది?

ఒక సాయంత్రం సంగటి ముద్ద చేతిలో ఉండగానే నరసింహులు కునికాడు. తల గోడకు కొట్టుకుంది. అయినా లేవలేదు. గోవిందమ్మ భుజం పట్టుకుని ఊపింది.

"ఈ పొద్దు నేను ఇంటికి వస్తానే. నా వల్ల కాదు," అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఆమె గేటు వైపు చూసింది. శేషాద్రి నిలబడి ఉన్నాడు. బయట పనికోసం రెండు పేర్లవాళ్లు నిలబడి ఉన్నారు. "పేరు కొట్టేస్తారేమో. ఇంగ కొన్నాళ్లే గదా, వానలొచ్చేదాంక. లెయ్యి," అంది. చెంబులో నీళ్లు తీసి ముఖం మీద చల్లింది. అతను లేచి, తడిముఖం తుడుచుకోకుండానే లోపలికి పోయాడు.

తెల్లవారుతుండగా పక్క గుడిసె లూదియా పరుగెత్తుకొచ్చింది. ఆమె కూడా మిల్లులో పగటి కూలీయే.

"గోయిందమ్మా, రాత్రి మిల్లులో మిషను బెల్టు మనిషిని లాక్కున్నాదంట! పానం పోయిందంట!"

"ఎవురిని?"

"ఎవురో ఆదినారాయణంట."

గోవిందమ్మకు ఇంకా నిద్రమత్తు వదల్లేదు. బావ పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు మళ్లీ పోవడమేంది అనుకుంది. మరుక్షణం మొగుడి చాప వైపు చూసింది. చాప చుట్టింది చుట్టినట్టే ఉంది. ఆ వాడ మొత్తం లేచి వచ్చేలా కేక పెట్టింది.

ఆస్పత్రి వరండాలో శేషాద్రి ఉన్నాడు, పక్కన ఒక కానిస్టేబులు.

"నా మొగున్ని సూపియ్యండి సామీ," అని కాళ్ల మీద పడింది.

"నీ మొగుడు ఎవరు?" అన్నాడు కానిస్టేబులు.

మొగుడి పేరు ఆమె పుట్టి బుద్ధెరిగి పలకలేదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని తల్లి నేర్పింది. తగ్గేందుకు ఇంకేం మిగిలి లేకపోయినా నాలుక తిరగలేదు. వెనక నుంచి లూదియా అందించింది. "నరసింహులు సార్."

"నరసింహులు సాయంత్రం కూతకే ఇంటికి పోయినాడు," అన్నాడు శేషాద్రి. "ఈడ ఉండేది ఆదినారాయణ. ఆదినారాయణ పెండ్లాం వస్తే శవాన్ని ఇస్తారు. ఎవరూ రాకుంటే మునిసిపాలిటీ వాళ్లు పూడ్చేస్తారు." కానిస్టేబులు బీడీకని అవతలికి పోగానే ఆమె దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. "ఆదినారాయణ పెండ్లాన్నని చెప్పమ్మా. తొందరగా అయిపోతాది. అసలే ఎండలు."

ఆళ్లగడ్డలో బావ ఎదురైతే తలమీదికి కొంగు లాక్కుని గోడకు ఒదిగి నిలబడిన మనిషి గోవిందమ్మ. ఆ బావకు పెళ్లాన్నని నలుగురి ముందు చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయింది. చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేసి, తన మొగుణ్ణి తాను తెచ్చుకుంది. కుందూ ఏటి గట్టున అంత్యక్రియలు జరిగాయి.

కర్మలు ముగిసిన కొన్నాళ్లకు పై ఊరి నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు మిల్లుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. గోవిందమ్మను కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. శేషాద్రి తెచ్చిన రిజిస్టరు శ్రద్ధగా చూశాడు.

"ఏడింటికి పనిలోకి వచ్చాడు. పది కాకముందే ప్రమాదం. మూడు గంటలు కూడా పని చేయని మనిషి బెల్టు మీద పడేంతగా ఎందుకు తూలాడమ్మా? తాగేవాడా?"

గోవిందమ్మకు ఒళ్లు భగ్గుమంది. "తాగడు సారూ! పొద్దు పొడవకముందే పోయినాడు. ఆ పొద్దంతా చేసినాడు, మళ్లా రాత్రీ చేసినాడు. నిద్ర లేక సచ్చిపోయినాడు!"

"పగలు చేసింది నరసింహులు అని ఉంది. నువ్వు ఆదినారాయణ భార్యవని వేలిముద్ర వేశావు కదా?"

ఆమె లేచి నిలబడింది. కొంగు జారిపోయినా చూసుకోలేదు.

"నా మొగుని పేరు నరసింహులు," అంది. పెళ్లయినాక మొదటిసారి అంది. అంటుంటే తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

శేషాద్రి జాలిగా తల ఊపాడు. "దుఃఖంలో ఉంది సార్, పాపం. నరసింహులంటే ఆమె మరిది. వాడు ఆనాడు సాయంత్రం కూతకే ఇంటికి పోయినాడు. అన్న పోయిన బెంగతో మర్నాటి నుంచి పనికి రాలేదు. పేరు కొట్టేసినాం."

ఇన్‌స్పెక్టరు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనుమానం వచ్చినట్టే ఉంది. అనుమానానికి ఆధారం కావాలి కదా, ప్రభుత్వోద్యోగి.

"సరేనమ్మా. ఆ నరసింహుల్ని పిలుచుకురా. తానే రెండు పనులూ చేశానని వచ్చి చెబితే రాసుకుంటాను."

గోవిందమ్మ అతని ముందుకు ఒక అడుగు వేసింది.

"కూతకు ఇంటికి పోయినాడు, కూతకు ఇంటికి పోయినాడు అంటాండారే సారూ! ఒక్క దినమన్నా వచ్చింటే నేను సూసిండేదాన్ని గదా."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. అతని పనివేళ అయిపోయింది, పైగా రైలు అందుకోవాలి. కాగితం కింద 'నరసింహులు అను వ్యక్తి విచారణకు హాజరు కాలేదు' అని రాసి, సంతకం చేసి లేచాడు.