ఓడ మీద తూకం

ఆమెను అందరూ పిడుగు అనే పిలిచేవాళ్లు. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎడమ చేత్తో హుక్ పంచ్ వేసిందంటే ఎదుటివాళ్లకి చుక్కలు కనబడేవి కావు, ఏకంగా చీకటే కనబడేది. ఆమె చేతిలో దెబ్బలు తిని రింగులో పళ్లు ఏరుకున్నవాళ్లున్నారు. అలాంటిది, ఇంట్లో మేనమామ చెయ్యెత్తితే మాత్రం తల వంచుకుని చెంప అప్పగించేసేది.

తల్లి పోయాక ఆమెను పెంచింది ఆయనే. బాక్సింగ్ మాస్టారు. పాత గోడౌన్‌లో నాలుగు ఇసుక సంచులు వేలాడదీసి, వాటితోపాటు పిల్లల్నీ చితక్కొట్టి, మంచి మంచి ఆటగాళ్లని తయారుచేశాడు. వయసులో ఉండగా తనూ ఆడినవాడే. పెద్ద పోటీకి ముందు తూకంలో చిటికెడు ఎక్కువ తూగాడని ఆయన్ని రింగు ఎక్కనివ్వలేదట. ఆ చిటికెడు బరువు ఇప్పటికీ ఆయన గుండెల మీంచి దిగలేదు. దాన్ని మేనకోడలి మీదికి దించుతూ వచ్చాడు. ఆమె బరువు యాభై నాలుగు కిలోలు దాటకూడదు. దాటితే ముందు తిట్లు, తర్వాత స్కిప్పింగ్ తాడు పిక్కల మీద.

అత్తయ్య బొద్దుగా ఉంటుంది. నవ్వించే మనిషి, కానీ మొగుడు గదిలోకి అడుగుపెడితే చాలు, కుక్కిన పేనైపోతుంది.

దూరంగా ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ల కూతురు, అమ్మానాన్నల పెళ్లిరోజుకని సముద్రం మీద వారం రోజుల విహారయాత్రకి ముగ్గురికీ టికెట్లు కొని పంపింది. "నాన్నతో అమ్మ ఒక్కతే వెళ్తే అక్కడా చెమటలు కక్కిస్తాడు. నువ్వు కూడా తోడుండవే" అని ఫోన్లో పిడుగుని బతిమాలింది. తిరిగొచ్చిన నాలుగో రోజునే టైటిల్ పోటీ. మామయ్య ముందు ససేమిరా అన్నాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఓడెక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా నీ నోటి తాళంచెవి నా దగ్గరుంటుంది."

"అలాగే మామయ్యా" అంది పిడుగు.

ఓడ కాదది, తేలే వంటిల్లు. తెల్లారకముందే వెన్న వాసన, రొట్టెలు కాలుతున్న వాసన మెట్ల మీంచి క్యాబిన్ల దాకా దిగొచ్చేది. పొద్దున బఫే ఎత్తేసేలోపు మధ్యాహ్నం బఫే పరిచేసేవాళ్లు. నిప్పుల మీద తిరుగుతున్న మాంసం, మంచు మీద పరిచిన చేపలు, ఎంత పట్టుకున్నా తరగని ఐస్‌క్రీం మిషన్. "ఈ ఓడ మునిగితే తుఫానుకి కాదు, మన పొట్టలకే మునుగుతుంది" అని పక్క క్యాబిన్ పెద్దాయన రోజూ నవ్వేవాడు. లావైపోతామన్న భయం అందరికీ ఉంది. కొందరు లిఫ్టు మానేసి మెట్లెక్కేవాళ్లు, కొందరు చిన్న పళ్లెం తీసుకుని నాలుగుసార్లు తిరిగేవాళ్లు, కొందరు పొద్దున్నే డెక్ చుట్టూ నడిచి, ఆ నడకకి బహుమానంగా రెండు కేకులు తినేవాళ్లు.

పిడుగు మాత్రం పరుగెత్తేది. లోపల ప్లాస్టిక్ చొక్కా, పైన ఉన్ని చొక్కా, ఆ పైన కోటు. ఈతకొలను దగ్గర జనం ఎండలో పడుకుని చల్లటి గ్లాసులు చప్పరిస్తుంటే, వాళ్ల మధ్యలోంచి ఆవిరి కక్కుకుంటూ వెళ్లేది. వెనకాలే మామయ్య, చేతిలో తాడు. కాలు తడబడితే చాలు, పిక్క మీద చురుక్కుమనేది. రోజుకి రెండు గుడ్ల తెల్లసొన, కాసిని దోసకాయ ముక్కలు. నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, గొంతు దిగకూడదు. ఆమె పెదాలు పగిలాయి. నిలబడితే కళ్లు తిరిగేవి. పడుకుంటే కడుపులో ఎలుకలు పరుగెత్తడం కాదు, ఎలుకలు కూడా చచ్చి ఊరుకున్నట్టుండేది.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల హాల్లో అత్తయ్య ఉండబట్టలేక, వెన్న రాసిన చిన్న రొట్టెముక్క ఆమె పళ్లెంలోకి జార్చింది.

"ఒక్క ముక్కే. పిల్ల మొహం చూడండి, పీక్కుపోయింది."

మామయ్య పళ్లేన్ని అరచేత్తో ఎగరగొట్టాడు. అది వెళ్లి స్తంభానికి కొట్టుకుని ముక్కలైంది. అదే చేత్తో వెనక్కి తిప్పి పిడుగు చెంప మీద కొట్టాడు. పక్క క్యాబిన్ పెద్దాయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"ఏవయ్యా! ఆడపిల్లని అలా కొడతావేంటి?"

"ఏం లేదండీ" అంది పిడుగు, చెంప కూడా తడుముకోకుండా. "మా మామయ్యే."

పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. కొట్టినందుకు కాదు, తన నోటితో తనే ఆ మాట అన్నందుకు.

ఆ సాయంత్రం క్యాబిన్లో అత్తయ్య జాకెట్టు మార్చుకుంటుంటే, వీపు మీద కమిలిన పాత మచ్చ కనిపించింది. దాని పక్కన ఇంకో కొత్తది. పిడుగు చూసింది. అత్తయ్య గబుక్కున కొంగు కప్పుకుంది.

"ఎప్పుడు?"

"ఎప్పుడో ఏముంది? నువ్వు లావైతే నిన్ను కొడతాడు, నేను లావైతే నన్ను కొడతాడు. ఆయన పొట్ట మాత్రం ఆయనకన్నా ముందు గుమ్మం దాటుతుంది. దాన్ని ఎవరు కొట్టాలి?" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పిడుగుకి ఇది కొత్త సంగతి కాదు. గోడ అవతల నుంచి వినబడేది. విన్నప్పుడల్లా దుప్పటి చెవుల మీదికి లాక్కుని, రేపు వెయ్యాల్సిన పంచ్‌ల గురించి ఆలోచించేది.

మర్నాడు సముద్రం లేచింది. పొద్దున్నే ఓడ ఊయలలా ఊగుతోంది. కారిడార్లలో జనం గోడలు పట్టుకుని నడుస్తున్నారు. మామయ్య మాత్రం ఇంటి నుంచి పెట్టెలో పెట్టుకొచ్చిన తూకం మిషన్‌ని నేల మీద పెట్టాడు.

"ఎక్కు."

ఎక్కింది. ముల్లు యాభై నాలుగు దాటి, ఇంకో కిలోన్నర దాటి ఆగింది. మళ్లీ కిందికి జారి, మళ్లీ లేచింది. ఆయనకి లేచిందే కనబడింది.

"ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు మామయ్యా."

"ఏం తిన్నావే?"

"ఓడ ఊగుతోంది కదండీ" అంది అత్తయ్య మంచం అంచున కూర్చుని. "అల లేస్తే ముల్లూ లేస్తుంది. కావాలంటే మీరెక్కి చూసుకోండి."

అంతే. అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది. ఆయన అత్తయ్య చేతిసంచీ లాగి బోర్లించాడు. దువ్వెన, మాత్రలు, కళ్లజోడు, వాటితోపాటు కాగితపు రుమాల్లో చుట్టిన రొట్టె ఒకటి కింద పడ్డాయి.

"ఇదా సంగతి! దొంగముండా, దాని బతుకులో మన్నుపోస్తావా?"

"అది నాకోసం దాచుకున్నానండీ, నిజంగా..."

ఆయన ఆమె జుట్టు పట్టుకుని లేపి, తలని బీరువా తలుపుకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. రెండోసారికి తలుపు అద్దం పగిలింది. అత్తయ్య నుదుటి నుంచి నెత్తురు చెవి మీదుగా మెడలోకి కారింది. కేక పెట్టలేదామె. కేక పెట్టకపోవడం అలవాటైన మనిషిలా రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. ఆయన మూడోసారి చెయ్యెత్తాడు.

పిడుగు ఎడమచెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. దెబ్బ ఆయన చెంపదవడ మీద పడింది. ఆయన మంచం మీదుగా వెనక్కి పడి, గోడకి జారగిలబడ్డాడు. నోట్లోంచి నెత్తుటి ఉమ్మితోపాటు ఒక పన్ను ఊడి ఒళ్లో పడింది. ఆయన దాన్ని చూసుకున్నాడు. మేనకోడలిని చూశాడు. కోపం కన్నా ముందు మాస్టారే బయటికొచ్చాడు.

"మోచెయ్యి పైకి లేచింది" అన్నాడు నెత్తురు మింగుతూ. "ఎన్నిసార్లు చెప్పాను నీకు."

ఇంకొకరైతే అక్కడ ఆగిపోయేవాళ్లేమో. ఆయన ఆగలేదు. చేతికందిన తూకం మిషన్ ఎత్తి, లేస్తూనే ఆమె మొహం మీదికి విసిరాడు. ఇనుప అంచు కనుబొమని చీల్చింది. ఒక కన్ను నెత్తుటితో మూసుకుపోయింది. రెండో కంటితో ఆయన తన మీదికి రావడం చూసింది. పాదం తిప్పింది, నడుం తిప్పింది, భుజం వదిలింది. ఈసారి మోచెయ్యి లేవలేదు. దవడ ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు ముగ్గురికీ వినబడింది.

ఆయన పడిపోయాక కూడా ఆమె ఆగలేదు. మీద కూర్చుని డొక్కల్లో గుద్దింది. పిక్కల మీద తాడు దెబ్బలు, ఉమ్మేసిన నీళ్లు, గోడ అవతల విన్న చప్పుళ్లు, అన్నిటికీ కలిపి గుద్దింది. అత్తయ్య వెనకనుంచి వచ్చి రెండు చేతులతో వాటేసుకుంది.

"చాలే, చాలు తల్లీ. చచ్చిపోతాడు. వీడి కోసం నువ్వు జైలుకెళ్తావా?"

ఓడ సిబ్బంది తలుపు తోసుకుని వచ్చేసరికి, ఆడవాళ్లిద్దరూ నేల మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరి నెత్తురూ ఒకే తువ్వాలికి అంటింది.

మర్నాడు రేవు రాగానే మామయ్యని స్ట్రెచర్ మీద ఆసుపత్రికి దించారు. మీరూ వెళ్తారా అని ఓడ అధికారి అత్తయ్యని అడిగాడు. ఆమె నుదుటి కట్టు సర్దుకుని, స్ట్రెచర్ దగ్గరికి వెళ్లి, మొగుడితో మాట్లాడింది. ఆ కాపురంలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

"నువ్వెళ్లు. నేను రాను."

పిడుగుని క్యాబిన్ దాటనివ్వలేదు, తలుపు బయట కాపలా పెట్టారు. అత్తయ్య తన నుదురు, వీపు చూపించి జరిగింది జరిగినట్టు చెప్పింది. హాల్లో తను చూసిందంతా పక్క క్యాబిన్ పెద్దాయనా వచ్చి చెప్పాడు. చివరికి, ఇంకెప్పుడూ మా ఓడ ఎక్కొద్దని చెప్పి వదిలేశారు. ఈలోగా భోజనం క్యాబిన్‌కే వచ్చేది. మొదటి పూట పిడుగు గబగబా తినేసి, మొత్తం కక్కేసింది. అత్తయ్య వీపు రాస్తూ కూర్చుంది. తర్వాత చెంచాతో సూపు పట్టించింది. ఆ తర్వాత చేప, ఉడికిన బంగాళాదుంపలు, రొట్టె. నాలుగో పూటకి ఇద్దరూ కేకు ముక్క కోసం పోట్లాడుకున్నారు.

టైటిల్ పోటీ తూకంలో ఆమె రెండు కిలోలు ఎక్కువ తూగింది. రింగు ఎక్కనివ్వలేదు. పేపర్లో తిండిపోతు అని రాశారు. ఇక మామయ్యకి ఆసుపత్రిలో దవడలకి తీగలు బిగించి, గొట్టంతో తాగేవి తప్ప మరేమీ పెట్టలేదు. అంత తిండి ఉన్న ఆ యాత్రలో ఒళ్లు తగ్గి ఇంటికొచ్చినవాడు ఆయనొక్కడే.

అత్తయ్య, పిడుగు వేరే ఇంట్లో చేరారు. వేరే చోట శిక్షణ, వేరే కోచ్, ఈసారి ఒకావిడ. "నీ ఎముకలకి యాభై నాలుగు చాలని బరువు. ఇన్నాళ్లూ ఆకలితో ఆడావు" అని ఆవిడ పిడుగుని పై బరువు తరగతిలో దింపింది. చలికాలంలో మొదటి పోటీ. ఎదురుగా ఉన్నది తాటిచెట్టంత మనిషి. మొదటి రౌండ్లోనే దాని కుడిచెయ్యి పిడుగు ముక్కు మీద పడింది. లోపల పటుక్కుమంది. ఆమె మోకాళ్ల మీద కూలింది. రెఫరీ లెక్కపెడుతుంటే కార్నర్లో అత్తయ్య బకెట్ పట్టుకుని, ఆడవాళ్లు మార్కెట్లో కూడా పిలవనంత గట్టిగా పిలిచింది. పిడుగు లేచింది. నోటితో ఊపిరి పీలుస్తూ, నెత్తురు మింగుతూ, ఆ పొడుగు చేతుల కిందికి దూరి పక్కటెముకల మీద కొట్టింది. కొట్టినచోటే కొట్టింది. నాలుగో రౌండ్లో పొడుగుదాని నోరు తెరుచుకుంది, చేతులు జారాయి. ఐదో రౌండ్లో కాలేయం మీద పడ్డ దెబ్బకి అది మెలితిరిగి పడి, మళ్లీ లేవలేదు.

డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నాడు. దవడ ఒక పక్కకి వంకరపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"బాగా ఆడావు. మీ అత్తయ్యనీ తీసుకుని ఇంటికి రా. నీ కార్నర్లో నేనుండాలి."

అత్తయ్య తలెత్తలేదు, మంచుగడ్డని గుడ్డలో చుడుతూనే ఉంది. చెప్పాల్సింది పిడుగే.

"వద్దు మామయ్యా" అంది. "చేతులు ఎలా వాడాలో మీరే నేర్పారు. దానికి చచ్చేదాకా రుణపడి ఉంటాను. కానీ మీరున్న గదిలో నేనుండను."

ఆయన ఏదో అనబోయి, దవడ సహకరించక, చేత్తో గాలిని తోసేసి వెళ్లిపోయాడు. అడుగులు కారిడార్లో చాలాసేపు వినిపించాయి. ముక్కు విరిగినప్పుడు ఏడవకూడదని డాక్టర్ అప్పుడే చెప్పి వెళ్లాడు, నొప్పి రెట్టింపవుతుందట. పిడుగు ఏడ్చింది. నొప్పి నిజంగానే రెట్టింపైంది. అత్తయ్య ఆమె గడ్డం పట్టుకుని, తల వెనక్కి వంచి, మంచు పెట్టింది.