నీళ్ళలో మొహం కనపడేదాకా

ఆవిరి.

గుండిగ నిండా ఆవిరి. పొయ్యి మీంచి దించి పెరట్లో పెట్టిన నీళ్ళ మీదికి రిబ్కా వంగి చూస్తోంది. మొహం కనపడటం లేదు.

కనపడకూడదు — ఇంకా.

నీళ్ళు తెర్లాక దించాలి. ఆవిరి పలచబడాలి. వంగి చూస్తే నీ మొహం నీకు కనపడాలి. అప్పుడే నూక పొయ్యాలి. ముందు పోస్తే గింజ చస్తుంది. ఆలస్యమైతే తీపి దిగదు. సుందరరావు అలా రాసుకున్నాడు, నీలం సిరాతో, మిలిటరీలో ఇచ్చిన నోటుబుక్కులో.

ఆయన పోయి పది నెలలు.

పెరట్లో వేపచెట్టు పువ్వు రాలుస్తోంది. గుండిగలో రాలితే చేత్తో తీసేస్తోంది రిబ్కా. పువ్వు వంతు తర్వాత.

కల్లుకుండ ఎదురైతే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్క సందులోంచి పోయే మనిషి ఆమె. చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. అలాంటి మనిషి ఇంట్లో బీరు పెడుతోందంటే ఎవరైనా నవ్వుతారు. మొదట నవ్విందీ ఆమే. ఆ నవ్వే ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

సుందరరావు మిలిటరీలో లారీ తోలాడు. పదహారేళ్ళు. ఆఖరి నాలుగేళ్ళూ బెంగుళూరులో — బీరు ఫ్యాక్టరీ నుంచి క్యాంటీనుకి సరుకు చేరవెయ్యడం. అక్కడ సవరిముత్తు అని ఓ ముసలి మేస్త్రీ. లారీకి లోడు ఎత్తేలోపు బీరు పెట్టడం గురించి రోజుకో ముక్క చెప్పేవాడు. రోజుకో ముక్క ఈయన రాసుకునేవాడు. రిటైరై తిరువూరు వచ్చాక ఆ పుస్తకం ట్రంకుపెట్టెలో పడేసి ఊరుకోవచ్చుగా?

ఊరుకోలేదు.

తాగుబోతు కాదు సుమా. నెలకో సీసా తాగితే గొప్ప. గింజ మొలకెత్తడం దగ్గర్నుంచి గ్లాసులో నురుగు దాకా అంతా తన చేత్తో చెయ్యాలి — అదీ ఆయన పిచ్చి.

"మొదటి గ్లాసు నీకేనే," అనేవాడు.

"ఛీ! పాస్టరుగారికి తెలిస్తే గుడి గుమ్మం తొక్కనిస్తారా నన్ను?"

"అయినా నీకే."

మొదట బార్లీ తెచ్చాడు. చంద్రశేఖరంగారి కొట్లో, జ్వరమొస్తే కాచి తాగించే బార్లీ. తడిపాడు. గోనెపట్టాలో మూట కట్టాడు. పూటపూటా నీళ్ళు చిలకరించాడు. ఒక రోజు... రెండు రోజులు... ఐదు రోజులు. పురుటిగది బయట తచ్చాడే తండ్రిలా ఆ మూట చుట్టూ తిరిగాడు.

మొలక రాలేదు.

ఆరో రోజుకి పుల్లకంపు. కొట్లో అడిగితే చంద్రశేఖరం అన్నాడు, "అది పాలిష్ పట్టిన గింజండీ. పొట్టుతోపాటు మొలకా పోద్ది. పదేళ్ళు తడిపినా అంతే."

రిబ్కా పడీ పడీ నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బావి దగ్గర బీరు మాట దాచి, బార్లీ మాట మాత్రం చెప్పి పదిమందిని నవ్వించింది.

ఆయనా నవ్వాడు. కాస్త ఆలస్యంగా.

పిల్లల్లేని ఇంట్లో, మొలకెత్తని గింజని చూసి అంత నవ్వు ఎలా వచ్చిందో... ఇప్పటికీ తెలియదు ఆమెకి.

తర్వాత జొన్నలు తెచ్చాడు, పెనుగొలను నుంచి, కొత్త పంట. రెండో రోజుకే తెల్లగా మొలక. చాప మీద ఎండబెట్టాడు. ఎండిన మొలకవేర్లు నలిపి చెరిగాడు. తిరగలి ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చుని, మిలిటరీ మనిషి, నూక విసిరాడు. చూసి ఊరుకోలేక రిబ్కానే అంది, "కాస్త బెల్లం వేస్తే తొందరగా పొంగుద్ది కదండీ."

"బెల్లమేస్తే సారా ఊట అవుద్దే. ఇది ఒట్టి గింజ. గింజలో ఉన్న తీపే తీపి."

చేదుకి ఏదో పరదేశపు పువ్వు వెయ్యాలట. అది తిరువూరులో ఎక్కడ? వేపపువ్వు వేశాడు. పొంగడానికి కల్లు మడ్డి తెచ్చాడు.

మూడో రోజు కుండ పలికింది.

"రిబ్కా! రావే... చెవి పెట్టి విను."

"నాకు పనుంది."

పనేం లేదు. ఊరికే అంది.

ఐదో రోజు శనివారం. స్త్రీల సమాజం ఆ వారం వాళ్ళింట్లోనే. హన్నమ్మగారూ వాళ్ళూ వచ్చే వేళకి కుండ మూత జరిగి నురుగు పొంగింది. వాసన వసారా దాకా వచ్చింది. ఆయన ఇంట్లో లేడు. ఖాళీ సీసాల కోసం బజారుకి వెళ్ళాడు.

ఇంకేం ఆలోచించలేదు రిబ్కా.

కుండ ఎత్తింది. పెరట్లో, వేపచెట్టు మొదట్లో, గుమ్మరించింది. పైన ఇంత బూడిద చల్లింది. చేతులు కడుక్కుని తలుపు తీసింది.

ప్రార్థన సగంలో ఉండగా సుందరరావు పెరటి దోవన వచ్చాడు. చెరో చేతిలో ఓ సీసా. బోర్లించిన కుండని చూశాడు. తడిసిన నేలని చూశాడు. చీమలు అప్పుడే చేరాయి. కిటికీలోంచి రిబ్కా చూస్తూనే ఉంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండేది.

అందరూ వెళ్ళాక వచ్చి అన్నాడు.

"అయితే నురుగొచ్చిందన్నమాట."

అంతే.

ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు. మిగిలిన జొన్నలు మూటలోనే ఉన్నాయి. తప్పయిందండీ, మళ్ళీ పెట్టండి — అనాలనుకుంది రిబ్కా. అన్నం పెడుతూ అనాలనుకుంది. పక్క వేస్తూ అనాలనుకుంది. రేపు అందాంలే అనుకుంది. మూడు నెలలు రేపు రేపు అంటూనే గడిచాయి.

జూన్‌లో విజయవాడ బస్సు కోసం నిలబడి, బస్టాండులోనే కూలిపోయాడు. ఇంటికి తెచ్చేసరికే ఒళ్ళు చల్లబడింది.

ఆవిరి పలచబడింది.

గుండిగలో ఓ మొహం తేలింది. చెంపలు జారిన మొహం, బొట్టు ఎన్నడూ ఎరగని నుదురు, నిద్ర లేని కళ్ళు. పది నెలలుగా అద్దంలో చూసుకోని మొహం. ఇదేనా నేను, అనుకుంది. అనుకుంటూనే నూక పోసింది — ఆయన మూటలో మిగిల్చిన జొన్నలే, తను మొలకెత్తించి విసిరిన నూక.

నూక ఊరింది. పలచటి గుడ్డలో వడగట్టింది. వేలు ముంచి నాకింది. తీపి! బెల్లం ముక్క లేకుండా, నిజంగానే తీపి. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కూలబడి ఏడ్చింది. ఏడ్చాక లేచి పొయ్యి మీద పెట్టింది. వేపపువ్వు ఏరి వేసింది — నిరుడు ఆ కుండంతా తాగిన చెట్టు పువ్వే.

కల్లు మడ్డికి నాగేంద్రమ్మ దగ్గరికి వెళ్ళింది. కల్లు అమ్మే ఇంటి గుమ్మం ముందు, పట్టపగలు, తల దించుకుని నిలబడింది.

"నీకెందుకు వదినా కల్లు మడ్డి?"

"రొట్టె పొంగడానికి."

నాగేంద్రమ్మ చెంబు నింపి, పైన ఆకు కప్పి ఇచ్చింది.

"నిరుడు అన్నయ్య కూడా రొట్టెకే అన్నాడు," అంది మెల్లగా.

మూడో రోజు కుండ పలికింది.

ఇల్లంతా ఊడ్చి, తలుపు గడియ పెట్టి, నేల మీద పడుకుని, రిబ్కా కుండకి చెవి ఆనించింది. నిద్రలో పసిబిడ్డ పెదాలు చప్పరిస్తున్నట్టు... చిటుక్... చిటుక్... ఆగి, మళ్ళీ చిటుక్. ఆయన వినమన్నది ఇదన్నమాట. ఎంతసేపని. ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషానికి పనుందంది.

ఈసారీ శనివారం వచ్చింది. ఒంట్లో బాగాలేదని హన్నమ్మగారికి కబురు పెట్టింది. కుండ జోలికి పోలేదు.

తొమ్మిదో రోజుకి చప్పుడు ఆగింది.

వేపచెట్టు కింద పీట వేసుకుంది. ఆయన గాజు గ్లాసు తుడిచింది. వంచి పోసింది. నురుగొచ్చింది. తెల్లగా, అంచు దాకా.

మొదటి గ్లాసు తనదే.

కళ్ళు మూసుకుని గుటకేసింది. చేదు. వెనకాల పులుపు. ఇంకా వెనకాల, ఎక్కడో, కాలిన జొన్నరొట్టె వాసన.

బాగుందా? బాగాలేదా? ఆమెకేం తెలుసు? బీరు ఎలా ఉంటుందో ఆమె జన్మలో ఎరగదు. నాగేంద్రమ్మకి కల్లు తెలుసు, ఇది తెలియదు. కుదిరిందో లేదో చెప్పగలిగిన నాలుక తిరువూరు మొత్తానికి ఒక్కటే ఉండేది.

"కుదిరిందాండీ?"

పైకే అడిగింది.

వేపపువ్వు ఒకటి వచ్చి నురుగు మీద వాలింది. తియ్యలేదు రిబ్కా. గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, వంగి, నురుగు విడిపోవడం కోసం చూస్తూ కూర్చుంది. ఒక్కొక్క బుడగే చితుకుతోంది... చిటుక్... చిటుక్...

మొహం ఇంకా కనపడటం లేదు.