ప్రస్తుత కాపురం: ప్రొద్దుటూరు

కరాచీ నుంచి మైమూన్ రాసిన ఉత్తరంలో ఈసారి క్షేమ సమాచారాలు రెండు ముక్కలే ఉన్నాయి. తక్కినదంతా ఏడుపే. ఇండియాకు రావడానికి వీసా కోసం మూడేళ్ళ కిందట పెట్టుకున్న అర్జీని ఇప్పుడు తిప్పి పంపారట. జమ్మలమడుగులో ఆమె చెప్పిన ఇంట్లో చుట్టాలెవరూ లేరని విచారణలో తేలిందట. వాళ్ళు ఇప్పుడు ఎక్కడ కాపురముంటున్నారో సర్కారు అధికారి సంతకం, ముద్రతో రుజువు కావాలట. రెండు నెలలు గడువు. “ఆపా, ఎట్లయినా ఆ కాగితం పంపించు. నా బిడ్డ మొహం గుర్తు రావడం లేదు” అని చివర రాసింది.

అక్క షాహీదాబీ ఉత్తరం మడిచి, వాకిట్లో అచ్చనగాయలు ఆడుకుంటున్న ఖమ్రున్నీసా వైపు చూసింది.

ఆ పిల్ల మైమూన్ కూతురు. మైమూన్ మొగుడు మున్వర్‌కు కరాచీ రేవులో పని దొరికినప్పుడు దానికి రెండేళ్ళు. ఒళ్ళంతా తట్టు పోసి జ్వరంతో కాగిపోతూ ఉండింది. అంత దూరం తిప్పితే బతకదని భయపడి, రెండు నెలల్లో వచ్చి తీసుకుపోతానని చెప్పి, మైమూన్ పిల్లను అక్క ఒళ్ళో పెట్టి వెళ్ళింది. తర్వాత మున్వర్ జబ్బు పడ్డాడు. ఇంకో కాన్పు వచ్చింది. అంతలో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టులూ వీసాలూ పుట్టుకొచ్చాయి. ఎనిమిదేళ్ళు గడిచాయి. ఖమ్రున్ ఇప్పుడు షాహీదాబీనే “అమ్మీ” అంటుంది.

షాహీదాబీ మొగుడు లాల్ బాషాకు ప్రొద్దుటూరు పత్తి మిల్లులో పని దొరికి, జమ్మలమడుగు నుంచి కాపురం మార్చి రెండేళ్ళయింది. మిల్లులో సెలవు దొరకదు గనుక షాహీదాబీయే బురఖా వేసుకుని తాలూకా ఆఫీసుకు వెళ్ళింది.

గుమాస్తా తల ఎత్తకుండానే చెప్పాడు. “మీ పేర్లు ఈడ ఓటర్ల లిస్టులో ల్యావు. జమ్మలమడుగులో ఉండాయి. ఆడికి పోయి అడుగు.”

మర్నాడు బస్సెక్కి జమ్మలమడుగు పోయింది. అక్కడి గుమాస్తా నవ్వాడు. “ఆ ఇంట్లో మీరు లేరని రాసి పంపింది మేమే గదమ్మా! లేనోళ్ళను ఉండారని యెట్లా రాసేది?”

“ఉండామని రాయద్దు సారూ. ప్రొద్దుటూరికి పోయినారని రాయండి.”

“ప్రొద్దుటూరు సంగతి మాకేం ఎరుక?”

మళ్ళీ ప్రొద్దుటూరు. ఇంటి యజమానురాలి చేత రాయించుకు రమ్మన్నారు. సుబ్బరత్నమ్మ మంచిదే. పండగలకు ఖమ్రున్‌కు గాజులు తొడిగించే మనిషే. కానీ కాగితం అనేసరికి రెండడుగులు వెనక్కు వేసింది.

“నీ మీద నాకేం ల్యా షాహీదా. పాకిస్తాను కాగితం మీద నా యేలిముద్ర యెట్లా యేసేది? రేపు పోలీసోళ్ళు నా గడప తొక్కితే?”

“ఇప్పుడు తొక్కడం ల్యా?” అనబోయి షాహీదాబీ నోరు నొక్కుకుంది.

కరాచీ ఉత్తరం వచ్చిన వారం లోపల పోలీసు పాలయ్య తప్పకుండా వస్తాడు. అరుగు మీద కూర్చుని, టీ తాగి, ఏం రాశారు, ఎవరు వస్తున్నారు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు అని అడిగి చిన్న పుస్తకంలో ఎక్కించుకుంటాడు. ఇల్లు మారిన పదో రోజుకే, ఎవరూ చెప్పకుండానే, సరిగ్గా వచ్చి తలుపు తట్టాడు. ఆ పుస్తకంలో ఉన్నదే ఒక కాగితం మీద రాసివ్వమని ఆమె స్టేషనుకు పోయి అడిగింది. అవి రహస్యమైనవి, బయటికి ఇవ్వరు అన్నాడు అక్కడి హెడ్డు కానిస్టేబులు. ఇంటికి వచ్చి ఆమె ఆ రోజు అన్నం ముట్టలేదు.

గడువు ఇంకా పద్దెనిమిది రోజులుందనగా తాలూకా ఆఫీసులో జమాబంది జరిగింది. ఏడాదికోసారి పెద్ద ఆఫీసరు వచ్చి అర్జీలు వింటాడు. షాహీదాబీ ఖమ్రున్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే పోయి వరసలో నిలబడింది. ఆమె వంతు మధ్యాహ్నానికి వచ్చింది. తాసిల్దారు అర్జీ చూసి, “రుజువులేం ల్యావు సార్” అని పక్కన పెట్టబోయాడు.

“రుజువు అదో, ఆడ నిలబడి ఉండాది దొరా!” అంది షాహీదాబీ. గొంతు ఎంత పైకి లేచిందో ఆమెకే తెలియలేదు. తాడు దగ్గర జనాన్ని సర్దుతున్న పాలయ్యను చూపించింది. “ఆయప్పను అడగండి. పోయిన శుక్రవారం యెవరి అరుగు మీద కూసున్నాడో అడగండి. మేం దొంగలమేమో అని చూసేదానికి మా ఇల్లు మీకు బాగా తెలుస్తాది. ఒక తల్లి బిడ్డను చూసుకునేదానికి వస్తానంటే మాత్రం మాకు ఇల్లే ల్యాకుండా పోతాదా? నెలకు పైనాయ తిరగబట్టి. నేను యాడుండానో మీరే చెప్పండి!”

ఆఫీసరు పాలయ్యను పిలిచాడు.

“ఈమె ఇల్లు నీకు తెలుసా?”

పాలయ్య టోపీ సర్దుకున్నాడు. హెడ్డు వైపు చూశాడు. కిందికి చూశాడు. “తెలుసు సార్. సుబ్బరత్నమ్మ ఇల్లు. ముగ్గురు ఉంటారు. రెండేండ్లాయ.”

“రాసివ్వండి” అన్నాడు ఆఫీసరు తాసిల్దారుతో.

గుమాస్తా విసుగ్గా రాసి చదివాడు. “ప్రస్తుత కాపురం ప్రొద్దుటూరు. లాల్ బాషా, అతని భార్య షాహీదాబీ, వారి కుమార్తె ఖమ్రున్నీసా.”

షాహీదాబీ చెయ్యి చాపింది. ఆ కాగితం అలాగే తీసుకుపోవచ్చు. సర్కారు ముద్రతో బిడ్డ ఆమెదైపోతుంది. కడుపు పండని ఇంట్లో అన్నేళ్ళూ అన్నం పెట్టింది, తల దువ్వింది ఆమె. పక్కన ఖమ్రున్ ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

“కాదు సారూ” అంది మెల్లగా. “నా కూతురు కాదు. మైమూన్ కూతురు.”

“ఏదో ఒకటి. ఇంట్లో ఉండే పిల్లే గదా?”

“ఏదో ఒకటి యెట్లయితాది?” ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మాట తగ్గలేదు. “కొట్టేసి మళ్ళా రాయండి.”

గుమాస్తా కొట్టేసి రాశాడు. కాగితం రిజిస్టరు పోస్టులో పోయింది.

ఐదు నెలలకు మైమూన్ ఎర్రగుంట్ల స్టేషనులో దిగింది. ఖమ్రున్ మొదటి రోజు తలుపు చాటునుంచి బయటికి రాలేదు. నాలుగో రోజుకు తల్లి చేత జడ వేయించుకుంది. పిల్లను తీసుకుపోవాలంటే దాని పాస్‌పోర్టుకు వేరే అర్జీ పెట్టాలి, వేరే విచారణ జరగాలి. ఈసారికి నలభై ఐదు రోజులు చూసి పోవడమే.

జమ్మలమడుగులో ఉన్న వాళ్ళ నాయన సమాధి దగ్గర ఫాతెహా చదివి ప్రార్థన చేసుకోవాలని మైమూన్ అడిగింది. ఆయన పోయినప్పుడు ఆమె రాలేకపోయింది. పోలీసు స్టేషనులో వీసా చూసి కుదరదన్నారు. అందులో ప్రొద్దుటూరు ఒక్కటే రాసి ఉంది. జమ్మలమడుగు లేదు.

“గంట దారి గదప్పా!” అంది షాహీదాబీ.

“అడ్రసు ప్రొద్దుటూరు అని రుజువు తెచ్చుకుంది మీరే గదమ్మా” అన్నాడు హెడ్డు.

ఆ శుక్రవారం షాహీదాబీ ఖమ్రున్‌ను తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. మైమూన్ ఇచ్చిన పూలపొట్లం పిల్ల ఒళ్ళో ఉంది. మైమూన్ బస్టాండులో నిలబడిపోయింది. ఊరు దాటినప్పటి నుంచి షాహీదాబీ గుమాస్తాలనూ, స్టేషనునూ, దేశాల మధ్య గీతలు గీసినవాళ్ళనూ ఒక్కొక్కరినే పేరుపెట్టి తిడుతూనే ఉంది. కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఆపలేదు.